వకీల్ అంటే లాయరు కాదట

మాకు శ్రీకాకుళంలో ఒకటి, పలాసలో ఒకటి జీడిపప్పు షాపులున్నాయి. వేయించిన పప్పు, కారం పప్పు, పాకం అచ్చులు అమ్ముతాం. 2024లో షార్జా నుంచి మా పెదనాన్న అల్లుడు ఫోన్ చేశాడు. సోంపేట మనిషి, వెళ్ళి చాన్నాళ్ళయింది. తనకు తెలిసిన అక్కడి వ్యాపారి ఒకాయన మా పేరు మీద ఫ్రాంచైజీ పెడతానంటున్నాడట. సరుకు, పేరు మావి. షాపు, ఖర్చు ఆయనవి. అమ్మకం మీద మాకు 5 శాతం రాయల్టీ. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

వారానికి అగ్రిమెంటు మెయిల్లో వచ్చింది. ప్రతి పేజీలో ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క అరబిక్. ఇంగ్లీషు మా అబ్బాయి చదివి బాగానే ఉందన్నాడు. సంతకం పెట్టేసేవాణ్ణే. ఎందుకైనా మంచిదని శ్రీకాకుళం కోర్టులో మాకు తెలిసిన లాయరు గారికి చూపించాను. ఆయన చివరి పేజీ నుంచి వెనక్కి చదువుకొచ్చి ఒక చోట వేలు పెట్టారు.

"ఇది చూశావా? రెండు భాషలకీ తేడా వస్తే అరబిక్‌దే చెల్లుతుందట. నువ్వు చదివింది చెల్లదు, చెల్లేది నువ్వు చదవలేదు" అన్నారు. ఆ షరతు లేకపోయినా షార్జా కోర్టులు నడిచేది అరబిక్‌లోనే, ఇంగ్లీషు కాగితం తీసుకెళ్తే అక్కడి న్యాయ మంత్రిత్వ శాఖ లైసెన్సు ఉన్న అనువాదకుడి చేత తర్జుమా చేయించాలని కూడా చెప్పారు.

సరే, అరబిక్ తెలిసినవాళ్ళెవరు? మాకు పప్పు ఖాతా ఉన్న మౌల్వీ గారు గుర్తొచ్చారు. ఆయన రెండు పేజీలు గడగడా చదివి, ఆగిపోయి, టీ తెప్పించారు. "నేను చదువుకున్న అరబ్బీ వేరు, ఈ కోర్టు అరబ్బీ వేరు బాబూ. నేను తప్పు చెప్తే మీకు నష్టం. ఒక్కటి మాత్రం చెప్పగలను, మీ షార్జా ఆయన్ని ఇందులో ప్రతిచోటా వకీల్ అని రాశారు" అన్నారు. ఆయన లాయరు కూడానా అని నేను ఆశ్చర్యపోయాను. అంతకుమించి ఆలోచించలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు మొదట నిజం చెప్పింది మాత్రం ఆ మౌల్వీ గారే.

తర్వాత ఆమదాలవలసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్ళాను. హైదరాబాద్‌లో అరబిక్ వచ్చిన లాయరు ఉన్నాడని ఎవరో చెప్పారు. అరబిక్ నిజంగానే వచ్చు. కానీ అరగంట మాట్లాడాక, రాయల్టీ అమ్మకం మీదా లాభం మీదా అని నన్నే అడిగాడు. గల్ఫ్‌లో చిక్కుకున్న కూలీల కేసులు చూసే మనిషి ఆయన. మంచి పనే, నాకు కావాల్సింది అది కాదు. ఫీజు ఇచ్చి, రైలెక్కి వచ్చేశాను.

ఇంటికొచ్చాక మా లాయరు గారు నవ్వారు. "నువ్వు భాష వెతుకుతున్నావు. మన బార్ కౌన్సిల్లో ఉన్నవాడికి ఎంత అరబిక్ వస్తే ఏటి, షార్జా కోర్టులో నిలబడనివ్వరు కదా. ఆ దేశం లైసెన్సు ఉన్నవాణ్ణి చూసుకో." ఈ మాట ముందే చెప్పుంటే నా టికెట్ డబ్బులు మిగిలేవి.

అల్లుడుగారు మూడు పేర్లు పంపారు. ముగ్గురూ దుబాయ్‌లో ఉన్నవాళ్ళే. దుబాయ్ ప్రభుత్వ న్యాయ వ్యవహారాల శాఖ లైసెన్సు ఉన్నవాళ్ళ జాబితా పెడుతుంది, అందులో చూసుకున్నాం. అక్కడ కోర్టులో వాదించే అడ్వకేటు వేరు, సలహాలిచ్చే, అగ్రిమెంట్లు రాసే లీగల్ కన్సల్టెంటు వేరు అని అప్పుడే తెలిసింది. నాకు గొడవేమీ లేదు, కాబట్టి కన్సల్టెంటు చాలు. ముగ్గురికీ ఒకే మెయిల్ పెట్టాను: ఫ్రాంచైజీ అగ్రిమెంట్లు చేశారా, రెండు కాలమ్‌లూ పక్కపక్కన చదివి తేడాలు రాసిస్తారా, చదివేది మీరా జూనియరా, ఫీజు మొత్తానికా గంటకా. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఒకరు గంటల లెక్క చెప్పారు. మూడో ఆయన ఈజిప్టు మనిషి, మొత్తానికి ఇంత అని చెప్పి, తనే చదువుతానన్నారు. ఆయన్ని పెట్టుకున్నాం.

వీడియో కాల్‌లో ఆయన మొదట అడిగింది ఆ వకీల్ గురించే. అరబిక్‌లో వకీల్ అంటే ఏజెంటు అట. ఫ్రాంచైజీని ఇంతియాజ్ అంటారు. ఇంగ్లీషు కాలమ్‌లో ఫ్రాంచైజీ తీసుకున్నవాడు, అరబిక్ కాలమ్‌లో ఏజెంటు. ఏజెంటైతే ఏమవుతుందన్నాను. దాన్ని కమర్షియల్ ఏజెన్సీగా అక్కడి ఆర్థిక మంత్రిత్వ శాఖలో రిజిస్టర్ చేయించుకుంటే, ఆ ప్రాంతానికి మా సరుకు ఇంకెవరూ దించుకోకుండా కస్టమ్స్‌లో ఆపించే హక్కు ఆయనకొస్తుంది. 1981 నాటి చట్టంలో అలాంటి ఏజెంటును తీసేయడం దాదాపు అసాధ్యమట. 2023 జూన్ నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం కొంచెం సడలించినా, తలనొప్పి తలనొప్పే.

ఇది మోసమని నేను అనుకోను. పాత ఏజెన్సీ కాగితం మీదే కొత్తది కుట్టినట్టున్నారు. చెప్పగానే మారుస్తామన్నారు. వకీల్ పోయి ఇంతియాజ్ వచ్చింది, ఏజెన్సీగా రిజిస్టర్ చేయకూడదని ఒక షరతూ చేరింది. తగాదా వస్తే కోర్టుకెళ్ళకుండా మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలని, ఆ ఆర్బిట్రేషన్ దుబాయ్‌లో, ఇంగ్లీషులో జరగాలని రాయించాం.

ఆ షరతు అరబిక్‌లో చదువుతున్నప్పుడు "ముద్దయీ" అన్న మాట వినబడి నాకు చెమటలు పట్టాయి. నేను ముద్దాయినా? కాదట. దావా వేసినవాణ్ణే వాళ్ళు అలా అంటారు. మన కోర్టుల్లో ఆ మాట ఎప్పుడు బోర్లా పడిందో! ఇంకోసారి రాయల్టీ దగ్గర సున్నా కనబడి మా అబ్బాయి కేకేశాడు. అరబిక్ అంకెల్లో ఐదు మన సున్నాలాగే గుండ్రంగా ఉంటుంది.

చివర్లో ముద్రల గొడవ. అక్కడ మా తరఫున సంతకాలు పెట్టడానికి అల్లుడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. అపొస్టిల్ చాలని, అంటే కొన్ని దేశాలు ఒప్పందం చేసుకుని ఒప్పుకునే ఒకే ముద్ర చాలని, ఇక్కడి ఏజెంటు ఒకడు డబ్బు తీసుకున్నాడు. ఆ ఒప్పందంలో యు.ఎ.ఇ. అప్పటికి లేదు. మళ్ళీ నోటరీ, రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, యు.ఎ.ఇ. ఎంబసీ, ఆపైన అక్కడి విదేశాంగ శాఖ. నెల పైనే పట్టింది.

సంతకాలయ్యాక ఆ ఈజిప్టు లాయరు ఇంకొకటి గుర్తుచేశారు. బోర్డు మీద అరబిక్ తప్పనిసరి, కాబట్టి ట్రేడ్‌మార్కు ఇంగ్లీషులోనూ అరబిక్‌లోనూ వేయమన్నారు. మా షాపు పేరులో పలాస ఉంది. అరబిక్‌లో 'ప' లేదు, 'బ'తో రాస్తారు.

బోర్డు డిజైన్ ఫోటో వచ్చాక నాన్నకి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏటి రాశారు ఇక్కడ?"

"బలాస అని, నాన్నా."

"ఊరి పేరు మార్చడానికి ఎంత తీసుకున్నాడ్రా నీ లాయరు?"