బ్లూబెర్రీ ఆశ వదిలి కలే చెట్టు పెట్టుకోండి

మా కాలనీల అందరికీ బ్లూబెర్రీ పిచ్చి పట్టింది. ఎదురింటి వదిన ఆన్‌లైన్ల మొక్క తెప్పించి కుండీల పెట్టింది. ఎండలు ముదరకముందే ఆకంతా పసుపురంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగ మిగిలినయి. నీళ్లు చాల్తలేవేమోనని ఇంకిన్ని పోసింది పాపం. అసలు పీడ ఆ నీళ్లే.

బ్లూబెర్రీది ఉత్తర అమెరికా. అక్కడి మెయిన్ అనే రాష్ట్రంల అడవి రకం మోకాలెత్తు కూడా రాకుండ నేల పట్టుకొని పాకుతది. న్యూజెర్సీల ఎలిజబెత్ వైట్ అనే ఆమె, ఫ్రెడరిక్ కోవిల్ అనే శాస్త్రవేత్త కలిసి, పెద్ద కాయ కాసే అడవి పొదలను ఏరి పెంచి 1916ల తొలి పంట అమ్మిన్రు. ఆ మొక్కకు పుల్లటి నేల కావాలె, పీహెచ్ (నేల పులుపును చెప్పే లెక్క, ఎంత తక్కువుంటే అంత పులుపు) 4.5 నుంచి 5.5 దాకా. అమెరికా ఉత్తరం దిక్కు రకాలకైతే చలికాలంల వందల గంటల చలి కూడా తగలాలె. మా దేవరకొండ బోరు నీళ్లేమో బకెట్ అంచుకు తెల్లటి చారలు కట్టే రకం. కుండీల ఎంత మంచి మట్టి పోసినా, ఆ నీళ్లు నాలుగు నెలలు పడితే పులుపు విరిగిపోతది. వేరు ఇనుమును గుంజుకోలేదు, ఆకు పాలిపోతది.

మన గుట్టల మీద ఊదా పండు లేదా మరి? కలే పండ్లున్నయి. బ్లూబెర్రీకి చుట్టమేం కాదు, గన్నేరు కుటుంబం. అందుకే గుర్తుపట్టుడు సక్కగ నేర్చుకోవాలె.

ఆకులు జంటలు జంటలుగ ఎదురెదురుగ ఉంటయి, మందంగ, మెరుస్తుంటయి. ఆకు తుంచితే పాలు కారుతయి. కొమ్మలకు నిటారు ముండ్లు. పువ్వు తెల్లగ, అయిదు రేకలతోటి, దగ్గరికి పోతే మల్లె వాసన. కాయ ముందు పచ్చగ, తర్వాత ఎర్రగ, మాగినంక నల్లటి ఊదా. బఠాణీ గింజకంటె కొద్దిగ పెద్దది, అంతే. దీని పెద్దక్క వాక్కాయ, దానికి గులాబీ రంగు చెంపలుంటయి. పరికి చెట్టుకైతే కొంకి ముండ్లు, ఆకులు ఒకటి విడిచి ఒకటి. ఒక్కటి మాత్రం పిల్లలకు గట్టిగ చెప్పండి: పాలు కారి ముండ్లు లేకుంటే ముట్టొద్దు. పచ్చగన్నేరుకు కూడా పాలొస్తయి, దాని కాయ తింటే ప్రాణం మీదికొస్తది.

నల్లబడ్డ పండే తినాలె. సగం మాగింది కొరికితే పెదవులకు బంక అంటుకుంటది, ఉప్పునీళ్లల్ల కాసేపు ఏస్తే కొంత పోతది. నాకైతే పండు కంటె కాయే ఇష్టం. పచ్చి కాయలు రోట్లె కచ్చాపచ్చాగ దంచి, గింజలు ఏరేసి, ఏంచిన పచ్చిమిర్చి, పల్లీలు, ఎల్లిపాయ ఏసి నూరుత. చింతపండు పని లేదు. జొన్నరొట్టెల ఇది ఉంటే కూర వండ బుద్ధి కాదు.

పెంచుడు పెద్ద కష్టం కాదు గానీ తొందరపడితే కుదరది. పండ్లు పిసికి, గింజలు కడిగి నీడల ఆరబెట్టి, తొలకరి వానలకే నాటాలె. దాచిపెడితే మొలక చచ్చిపోతది. నీళ్లు నిలవని ఎర్రమట్టి చాలు. పొలం గట్టు పొంట వరుసగ పెడితే కంచె అయితది, ముండ్లకు పశువులు లోపలికి దూరవు. కాతకు కొన్నేండ్లు ఆగాలె. గుట్ట మీది పొదను తవ్వి తెచ్చుడు మాత్రం వద్దు. వేరు తెగుతది, ఇక్కడ బతకది, అక్కడా లేకుండ పోతది.

గింజలకు అడవికే పోనక్కరలేదు. ఎండాకాలం చివర్ల బస్టాండు కాడ గ్లాసు కొలతకు అమ్ముతరు. పైన నల్లవి నిండుగ కనిపిస్తయి, అడుగున ఎర్రవి ఉంటయి. కొట్లాడకండి, పచ్చడికి అవే మేలు.