ఐబీఎస్‌తో వేగుతూ ఏది పడదో తెలుసుకున్నాను

అన్నం తిన్న గంటకల్లా కడుపు ఉబ్బి బిగుసుకుపోయేది. రెండు రోజులు లూజ్ మోషన్స్ అయితే, ఆ తర్వాత నాలుగు రోజులు మలబద్ధకం. కర్నూలు నుంచి కోడుమూరు బడికి రోజూ బస్సులో వెళ్లాలి. దారిలో నొప్పి మొదలైతే ఎక్కడ దిగాలన్న టెన్షన్‌తో పొద్దున ఏమీ తినకుండానే బయల్దేరేదాన్ని. కారం తగ్గించమని ఒకరు, వేడి చేసిందని ఇంకొకరు. రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే తేలిగ్గా ఉంటుందని చెప్పనివాళ్లు లేరు. చపాతీ తిన్న రాత్రే ఉబ్బరం ఇంకా ఎక్కువయ్యేది.

చివరికి గ్యాస్ట్రో డాక్టర్‌ దగ్గరికి వెళ్లాను. రక్తం, మలం, థైరాయిడ్, స్కానింగ్ అన్నీ చూశారు. గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బుందేమోనని దానికీ రక్తపరీక్ష చేయించారు. ఈ పరీక్ష గోధుమ తింటున్నప్పుడే చేయించుకోవాలి. మానేశాక చేస్తే జబ్బున్నా బయటపడకపోవచ్చు. రిపోర్టులన్నీ నార్మల్.

“అయితే నాకేమీ లేదా సార్?” అని అడిగాను.

“ఉందమ్మా, ఐబీఎస్, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ ఉంది. అది స్కానింగ్‌లో కనపడదు. పేగుల్లో పుండేమీ లేదు, అక్కడి నరాలే అతిగా స్పందిస్తున్నాయి” అన్నారు.

అన్ని రోజులూ పడిన నొప్పి నా భ్రమ కాదని తేలడంతో సగం బరువు దిగింది. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన ఇబ్బంది, వీటిలో ఏదున్నా తిండి మార్చి చూద్దామని ఆగకుండా వెంటనే చూపించుకోవాలని కూడా చెప్పారు.

డైటీషియన్ చెప్పింది ఫాడ్‌మ్యాప్ పద్ధతి, అంటే పేగుల్లో సరిగా అరగక పులిసే కొన్ని రకాల పిండిపదార్థాలను, చక్కెరలను తగ్గించి చూడడం. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించారు. ఎర్రగడ్డ (ఉల్లిపాయ), తెల్లగడ్డ (వెల్లుల్లి), గోధుమల్లో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు ఉంటాయి. అవి చిన్నపేగులో అరగవు. పెద్దపేగులోకి చేరాక బ్యాక్టీరియా వాటిని పులియబెట్టడంతో గ్యాస్ తయారవుతుంది. పప్పుల్లో, పాలల్లో, మామిడిపండులో ఉండే కొన్ని చక్కెరలూ ఇలాగే ఇబ్బంది పెట్టవచ్చు. గ్యాస్ అందరికీ వస్తుంది. ఐబీఎస్ ఉన్నవాళ్లకు అదే నొప్పవుతుంది. చపాతీ గుట్టు అప్పుడు తెలిసింది. వీటన్నిటినీ 2 నుంచి 6 వారాలు బాగా తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే మళ్లీ తిని చూడాలి. జన్మంతా ఉండాల్సిన పథ్యం కాదిది. చాలామంది మొదటి భాగం దగ్గరే ఆగిపోయి, అన్నీ మానేసి నీరసించిపోతున్నారు. అది నాకు బాధ కలిగిస్తుంది.

మార్కెట్ యార్డులో ఎర్రగడ్డలు రాశులు పోసే ఊరు మాది. “తెల్లగడ్డ లేకుండా తాలింపేంటమ్మా?” అని అత్తమ్మ దిగులుపడింది. దానికి దారి దొరికింది. సన్నని సెగ మీద నూనె కాగాక, రెండుగా చీల్చిన తెల్లగడ్డ రెబ్బలు వేసి, అంచులు ఎర్రబడగానే ఒక్కటి కూడా మిగలకుండా ఏరి తీసేస్తాను. ఆ తర్వాతే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు. వాసన నూనెలోనే ఉండిపోతుంది. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే పులుసులో ఉడికిన ముక్కలను ఏరి పక్కన పెట్టినా ప్రయోజనం లేదు. ఈ నూనె మాత్రం ఏ పూటకాపూట చేసుకోవాలి. నిల్వ ఉంచితే ప్రమాదకరమైన క్రిములు పెరగొచ్చు. బొరుగులతో చేసే ఉగ్గానిలోకి ఉల్లికాడల పచ్చటి భాగం, పుట్నాల పొడి బదులు వేయించిన శెనక్కాయల పొడి. అన్నం, జొన్నరొట్టె, రాగి సంగటి నాకు హాయిగా సరిపడ్డాయి. మన సీమ తిండిలో ఈ జబ్బుకు అనుకూలమైనవి ఇన్ని ఉన్నాయని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఉబ్బరం తగ్గాక అసలు పని మొదలైంది. ఒక్కో పదార్థాన్ని మూడు రోజులు కొంచెం కొంచెం పెంచుతూ తిని, ఏం జరిగిందో నోట్‌బుక్‌లో రాసుకుని, కడుపు కుదుటపడ్డాకే ఇంకొకటి. పాలతో ఏ ఇబ్బందీ లేదు, ఎప్పటిలాగే టీ తాగుతున్నాను. చపాతీ ఒకటైతే సరే, మూడైతే కాదు. కందిపప్పు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండితే ఒక గరిటె పడుతుంది. బంగినపల్లి మామిడి రెండు ముక్కల వరకే. కారం చాలామందికి పడదట, నాకు మాత్రం అది కారణం కాలేదు. బడిలో పరీక్షలప్పుడు నిద్ర చాలకపోతే తిండి ఎంత చూసుకున్నా కడుపు కదులుతుంది. ఆ రోజుల్లో ఇసబ్గోల్ పీచు ఆదుకుంటోంది.

తెల్లగడ్డ ఇంతవరకూ పడలేదు. ఒకసారి పడనిది ఎప్పటికీ పడదని కాదని, అప్పుడప్పుడూ మళ్లీ తిని చూడమని డైటీషియన్ చెప్పారు. అలా చూస్తూ చూస్తూ ఇప్పుడు వేయించిన ఎర్రగడ్డ ముక్కలు ఒక చెంచాడు తినగలుగుతున్నాను.