పదమూడు చదివినాక పద్నాలుగు కూడా చదవండి

డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ సర్వీస్ అయిపోయినాక మా చర్చిలో వాగ్దానం కార్డులు తీసుకుంటాం కదా, ఒక్కొక్కరికి ఒక్కో వచనం వస్తాది, ఆ యేడాదంతా అది బైబిల్లోనో బీరువా తలుపు మీదో ఉంటాది. ఈ తూరి మా వీధిలో ఉండే ఒక పెద్దమ్మకు కీర్తన 145:13 వచ్చింది. "నీ రాజ్యము శాశ్వత రాజ్యము, నీ రాజ్యపరిపాలన తరతరములు నిలుచును." పక్కనున్న వాళ్లకేమో స్వస్థత వచనం, ఆశీర్వాదం వచనం వచ్చినాయి. ఆమె కార్డు నా చేతికిచ్చి, "దేవుని రాజ్యం నిలుస్తాది, సరే నాయనా, ఇందులో నాకేముండాది?" అని అడిగింది.

ఆ మాట భక్తి తక్కువై అడిగింది కాదు. మోకాళ్లు నొప్పి, కొడుకు కోడలు బెంగళూరులో బిల్డింగ్ పనికి పోయినారు, మనవరాలు ఈమె దగ్గరే ఉండాది, శెనక్కాయ పెట్టిన డబ్బులు కూడా తిరిగి రాలేదు. అట్లాంటి మనిషికి ఎక్కడో పరలోకంలో సింహాసనం కదలకుండా ఉంది అని చెప్తే రేపు పొద్దున పొయ్యి మీదికి ఏం వస్తాది? నిజంగా అడగాల్సిన ప్రశ్నే, చర్చిలో మనం అడగడానికి మొహమాటపడే ప్రశ్న.

నేను ఆమెకు అప్పుడు చెప్పింది ఒకటే, కార్డులో ఒక్క వచనమే పట్టింది పెద్దమ్మా, ఇంటికి పోయి దాని కింద వచనం కూడా చదివించుకో అని. ఆ కింద వచనం గురించే ఇదంతా రాస్తున్నా.

ఈ కీర్తన దావీదు పాడింది. ఆయనే ఒక రాజు, యెరూషలేములో సింహాసనం మీద కూర్చున్నోడు, అయినా మొదటి మాటే "రాజవైన నా దేవా" అని మొదలుపెడతాడు. తన కిరీటం పక్కన పెట్టి ఇంకో రాజు ముందు నిలబడినట్టు. రెండో వచనంలో "అనుదినము నేను నిన్ను స్తుతించెదను, నిత్యము నీ నామమును స్తుతించెదను" అంటాడు, అనుదినము, నిత్యము, రెండూ ఒకే ఊపిరిలో. యూదులు ఈ కీర్తనను ఈనాటికీ రోజుకు మూడు సార్లు ప్రార్థనలో చదువుతారు. శాశ్వత రాజ్యం గురించిన పాటను పండక్కో చావు ఇంట్లోనో పాడేదిగా వాళ్లు పెట్టుకోలేదు, రోజూ చదువుకునేదిగా పెట్టుకున్నారు, అది నాకు చాలా ఇష్టం.

రాజ్యాలు ఎట్లా పోతాయో మన సీమ వాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోతే చాలు. పెన్నా నది కొండను కోసుకుంటా పోయిన ఆ లోయ అంచున ఎర్రరాతి గోడలు, పెమ్మసాని వాళ్లు ఏలిన కోట, విజయనగరం రాజులకు కుడిభుజం లాంటి వాళ్లు. 17వ శతాబ్దంలో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా వచ్చి పట్టుకున్నాడు. మాధవరాయ గుడి, రంగనాథ గుడి, జామియా మసీదు, జైలు అన్నీ చూసి అందరూ లోయ దగ్గర ఫోటోలు దిగడానికి పోతారు, నేను మాత్రం ఆ ధాన్యాగారం దగ్గర ఎక్కువసేపు ఉండిపోతా. ఎంత పెద్దదది, ఎంత మందం గోడలు! కోటను ముట్టడిస్తే నెలల తరబడి లోపలున్నోళ్లకు తిండి ఉండాలని కట్టినారు. రాజు అంటే అదే కదా, ముందు జనానికి గింజలు ఉండాలి. ఇప్పుడు అందులో గింజ లేదు, కట్టినోడి వంశం రాజ్యమూ లేదు.

ఆ తర్వాత ఎంత మంది మారినారో చూడండి, గోల్కొండ, మొగలులు, కడప నవాబులు, హైదర్ అలీ, టిప్పు, నిజాం, చివరికి 1800లో నిజాం ఈ జిల్లాలన్నీ ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేసినాడు, అందుకే దత్త మండలాలు అన్నారు మనల్ని. కర్నూలు నవాబు రాజ్యం 1839లో పోయింది. అదే కర్నూలు 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యింది, 1956 నవంబర్ 1కి అదీ అయిపోయింది.

ఇందులో నన్ను కలచివేసేది ఆ 1800. ఒక రాజు ఇంకొకరికి బాకీ లెక్కలో ఊళ్లనూ చెరువులనూ మనుషులనూ కలిపి ఇచ్చేసినాడు. మన అబ్బల అబ్బల్ని ఎవరూ అడగలేదు, పొద్దున లేచేసరికి ఎవరికి శిస్తు కట్టాలో మారిపోయింది అంతే. యేసు ప్రభువు యోహాను 10లో తన గొర్రెల గురించి "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అంటాడు. శాశ్వత రాజ్యం అనే మాట నాకు అక్కడ చాలా దగ్గరైంది. ఈ రాజు మనల్ని ఎవరికీ రాసివ్వడు, యుద్ధంలో ఓడిపోయి పోగొట్టుకోడు, ఆయన తర్వాత ఎవరొస్తారో ఎట్లుంటాడో అన్న భయం లేదు. లూకా 1:33లో గబ్రియేలు దూత మరియమ్మతో, ఆమెకు పుట్టబోయే యేసు గురించి, "ఆయన రాజ్యము అంతములేనిదై యుండును" అన్నది కూడా ఇదే, నజరేతు లాంటి చిన్న ఊర్లో, పెళ్లి కూడా కాని ఒక పేదింటి పిల్లతో.

ఇప్పుడు ఆ కింద వచనానికి వద్దాం. కీర్తన 145:14, "యెహోవా పడిపోవువారినందరిని ఉద్ధరించువాడు, క్రుంగిపోయిన వారినందరిని లేవనెత్తువాడు." శాశ్వత రాజ్యం అన్న వెంటనే మామూలుగా ఏం రావాలి? సైన్యం, శత్రువులు, కప్పం, జెండా. ఇక్కడేమో పడిపోయినోళ్లు వచ్చినారు. తర్వాత 15లో "సర్వజీవుల కన్నులు నీవైపు చూచుచున్నవి, తగినకాలమందు నీవు వారికి ఆహారమిచ్చుదువు." 16లో "నీవు నీ గుప్పిలిని విప్పి ప్రతి జీవి కోరికను తృప్తిపరచుచున్నావు." తరతరాలు నిలిచే రాజ్యం అంటే రోజంతా ఆ రాజు ఏం చేస్తుంటాడు అని అడిగితే దావీదు చెప్పే జవాబు ఇది, వంగిపోయినోళ్లను లేపుతుంటాడు, తిండి పెడుతుంటాడు. మోకాళ్లు పట్టేసి గోడ పట్టుకుని లేచే ఆ పెద్దమ్మకు ఇందులో ఏముందో మరి!

ఒకసారి ఇది కనబడినాక బైబిల్లో అంతటా ఇట్లాగే ఉంటాది. పరలోక ప్రార్థన తీసుకోండి, "నీ రాజ్యము వచ్చుగాక" అంటాం, ఆ వెంటనే కొద్ది మాటలకే "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." రాజ్యమూ అన్నమూ పక్కపక్కనే. లూకా 1లో మరియమ్మ పాడిన పాటలో బలవంతులు సింహాసనాల మీద నుంచి పడిపోతారు, ఆ వెంటనే ఆకలిగొన్నవాళ్లకు కడుపు నిండుతాది. దానియేలు 4లో బబులోను రాజు నెబుకద్నెజరు సంగతి చూడండి, దానియేలు ప్రవక్త ఆయనకు ముందే చెప్పినాడు, రాజా, నీతిగా ఉండు, బాధపడే వాళ్ల మీద కనికరం చూపించు అని. పన్నెండు నెలలు గడిచినా ఆయన మారలేదు, బబులోను నగరు మీద తిరుగుతా ఇదంతా నేను కట్టిందే కదా అన్నాడు, ఆ మాట నోట్లో ఉండగానే రాజ్యం పోయింది, పశువు మాదిరి గడ్డి మేసినాడు. బుద్ధి తిరిగి వచ్చినాక ఆయన నోట్లో నుంచి వచ్చింది మన 145:13 లాంటి మాటే, ఆయన రాజ్యం తరతరాలకు ఉంటుందని. దావీదు సింహాసనం మీద కూర్చుని చెప్పినాడు, ఈయన పోగొట్టుకుని నేర్చుకున్నాడు.

అయితే "తగినకాలమందు" అనే మాట దగ్గర నేను ఆగిపోతా, తేలిగ్గా దాటలేను. ఈ జిల్లాల్లో 1876–78లో ధాత కరువు వచ్చింది, ఎంత మంది పోయినారో ఊర్లకు ఊర్లే ఖాళీ అయినాయి. వాళ్ల కన్నులు కూడా ఆయన వైపే చూసినాయి కదా? దీనికి నా దగ్గర గడుసు జవాబు లేదు, ఉన్నట్టు నటించడం కూడా పాపమే అనుకుంటా. కానీ ఒకటి తెలుసు, యేసు మనకు "నీ రాజ్యము వచ్చుగాక" అని అడగమని నేర్పించినాడు, అంటే ఇంకా పూర్తిగా రావాల్సింది ఉందని ఆయనకు తెలుసు, ఆకలి ఉన్న లోకంలో నిలబడే ఆ మాట నేర్పించినాడు, తనే ఆకలిగొన్నాడు, సిలువ మీద దప్పిగొన్నాడు. ప్రకటన 11:15లో "ఆయన యుగయుగముల వరకు ఏలును" అని బూర ఊదుతారు, ఆ రోజు కోసం చూస్తున్నాం. అంతవరకు మొఱ్ఱపెట్టడం తప్పు కాదు, అదే 145వ కీర్తన 18వ వచనంలో తనకు మొఱ్ఱపెట్టేవాళ్లకు యెహోవా సమీపంగా ఉన్నాడని ఉంది. గండికోట రాజును కలవాలంటే ఎన్ని గుమ్మాలు దాటాలి, ఎంత మంది కాపలాదార్లకు చెప్పుకోవాలి! ఇక్కడ పొయ్యి దగ్గర కూర్చుని పిలిస్తే చాలు.

ఇంకో మాట, ఇది మా స్త్రీల సమాజం అక్కల దగ్గర నేర్చుకున్నది. వాళ్లలో చాలామంది రోజూ అన్నం వండేముందు కొలిచిన బియ్యంలో నుంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలాఖరుకు ఆ డబ్బాలన్నీ చర్చికి తెస్తారు, పాస్టర్ అయ్యగారు ప్రార్థన చేస్తారు, మంచం పట్టినోళ్లకు, ఒంటరిగా ఉండే ముసలోళ్లకు, పనికి వలసపోయినోళ్ల ఇండ్లల్లో మిగిలిన వాళ్లకు ఆ బియ్యం పోతాది, మతం ఏదని కూడా అడగరు. కోత పండుగ నాడు శెనక్కాయలు, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి వేలం పాడతాం కదా, అది పెద్ద సందడి, నాకు ఇష్టమే, కానీ ఆ పిడికెడు బియ్యం అంతకంటే ఎక్కువ ఇష్టం. ఎందుకంటే 16వ వచనంలో దేవుడు గుప్పిలి విప్పుతున్నాడు, ఇక్కడ వీళ్లు రోజూ తమ గుప్పిలి విప్పుతున్నారు, ఎవరూ చూడని వంటింట్లో.

రేపటి నుంచి పొద్దున లేచినాక ఫోన్ చూడకముందే 145వ కీర్తన 13 నుంచి 16 దాకా గట్టిగా చదవండి, ఇంట్లో పిల్లలకు వినబడేటట్టు. చదివినాక మన వీధిలో ఈ వారం పడిపోయినోళ్లు ఎవరున్నారో ఒక పేరు దేవుని ముందు చెప్పండి, సాయంత్రం లోపల వాళ్లింటికి ఒకసారి పోయి రండి, ఖాళీ చేతులతో పోయినా పర్వాలేదు, కూర్చుని మాట్లాడి రండి.