ఎవరూ చూడనప్పుడు వచ్చే తెలుగు

మా అమ్మాయికి ఏడేళ్లు, పెరుగుతున్నది పరాయి దేశంలో. దానికి తెలుగు రాదని నాకు ఎప్పటినుంచో బెంగ. ఒక రాత్రి దాని గది ముందు నుంచి వెళ్తూ ఆగిపోయాను. చీకట్లో బొమ్మను ఓదారుస్తోంది. "ఏడవకు, నేనున్నాగా, పడుకో పడుకో" అంటోంది. అచ్చం మా అమ్మ యాస. తలుపు మీద వేసిన చేయి వెనక్కి తీసుకున్నాను. నేను విన్నానని తెలిస్తే ఆ మాటలు అక్కడే ఆగిపోతాయని నాకు తెలుసు.

ప్రతి వారం వీడియో కాల్‌లో జరిగేది అదే. ఫోను దాని మొహం ముందు పెట్టి "అమ్మమ్మతో తెలుగులో మాట్లాడు" అంటాను. తెర మీద నలుగురు, పక్కన నేను. వచ్చిన రెండు ముక్కలూ గొంతు దాటవు. "సిగ్గెక్కువ" అని సర్దిచెబుతాను. అవతల ఎవరో నవ్వుతారు, ప్రేమగానే. పిల్ల తల దించుకుంటుంది.

రాబర్ట్ జైయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లోనే చెప్పిన సంగతి ఒకటుంది. బాగా అలవాటైన పనిని నలుగురి ముందు ఇంకా బాగా చేస్తామట. ఇంకా పట్టుబడని పని మాత్రం, చూసేవాళ్లుంటే మరింత తడబడుతుందట. అది చదివాక మా ఇల్లే కళ్ల ముందు కనబడింది. బడి భాషలో తరగతి మొత్తం ముందు గలగలా మాట్లాడే పిల్లే ఇది. సరిగ్గా పట్టుబడని భాషను తీసుకెళ్లి నేనే వారం వారం వేదిక ఎక్కిస్తున్నాను.

నన్ను ఎక్కువ కలచివేసింది 1975లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్ చేసిన ప్రయోగం. చిన్నపిల్లలకు పజిళ్లు ఇచ్చి, కొందరికి మాత్రం కెమెరాలో మిమ్మల్ని చూస్తుంటామని చెప్పారు. కొన్నాళ్ల తర్వాత అవే పజిళ్లు అందుబాటులో పెడితే, అలా చెప్పించుకున్న పిల్లలు వాటిమీద తక్కువ ఆసక్తి చూపారు. తిట్టలేదు, కొట్టలేదు. చూస్తున్నామన్నారు, అంతే.

మా పెద్దాడికి పదమూడు. వాడి కథ వేరు. బస్సులో గట్టిగా తెలుగు మాట్లాడొద్దమ్మా అన్నాడు. ఆ రోజు చాలా బాధపడ్డాను. ఆ వయసులో పిల్లలకు అందరూ తమనే చూస్తున్నట్టు ఉంటుందని డేవిడ్ ఎల్కిండ్ 1967లో రాశాడు. నిజమే కానీ, మన పిల్లల విషయంలో అదంతా ఊహే అనలేను. రంగు వేరు, పేరు వేరు. హాజరు పిలిచేటప్పుడు వాడి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగడం నేనూ విన్నాను. బయట ఆ చూపులు, ఇంట్లో నా చూపులు. ఊపిరి పీల్చుకునే చోటు ఏది వాడికి?

నేను పెరిగింది "నలుగురూ ఏమనుకుంటారో" కింద. ఆ నలుగురి మీద నాకిప్పటికీ కోపముంది. కానీ నేను పడితే పరుగెత్తుకొచ్చి లేపిందీ వాళ్లే. "పిల్లని ఓ కంట కనిపెట్టి ఉండు" అని మా అమ్మ ఇంకొకరికి అప్పజెప్పి వెళ్లేది. చూడటం వేరు, చూసుకోవడం వేరు. పరాయి దేశంలో ఆ చూసుకునే నలుగురూ లేకపోయేసరికి, నలుగురి బదులు నేనొక్కదాన్నే చూస్తూ కూర్చున్నాను. చూసుకోవడమనుకున్నాను గానీ, పిల్లలకు అది కాపలాలా తగిలింది.

ఇప్పుడు ఫోను బల్ల మీద వెల్లకిలా పెట్టేస్తున్నాను. అమ్మకు కనబడేది పైకప్పే. "పిల్ల మొహం కనబడదేమే" అని మొదట్లో నొచ్చుకుంది. తర్వాత తన పాటికి తను కబుర్లు చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఇది బొమ్మలు గీసుకుంటూ ఉంటుంది. మూడు వారాలు ఒక్క మాటా లేదు.

మొన్న నేను అటు తిరిగి బట్టలు మడతపెడుతుంటే వెనక నుంచి వినిపించింది: "అమ్మమ్మా, నీకు చీకటి వచ్చిందా?"

'పడిందా' అనాలని నా నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. తల కూడా తిప్పలేదు.

"వచ్చిందే తల్లీ, ఎప్పుడో వచ్చింది" అంది అమ్మ.