చుక్క కనపడని లీకు

మా బండి 2005 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాన్న కొన్నది, ఇప్పుడు నా చేతికి వచ్చింది. మొన్న ఎండాకాలంలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బాలో మట్టం తగ్గడం మొదలైంది. పై గీత దాకా పోస్తే వారం పది రోజుల్లో కింది గీత కంటే దిగిపోయేది. విచిత్రం ఏంటంటే పోర్టికోలో టైల్స్ మీద ఒక్క చుక్క కూడా ఉండేది కాదు. టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. బండి హీటెక్కడం లేదు, కింద తడి లేదు. మరి పోసిందంతా ఎటు పోతోంది?

ఇలా మాయమవుతుంటే ఎవరికైనా మొదటి టెన్షన్ హెడ్ గ్యాస్కెట్ గురించే, అంటే ఇంజన్ పై భాగానికీ (హెడ్) కింది భాగానికీ మధ్య ఉండే సీలు. అది పోతే కూలెంట్ సిలిండర్‌లోకి దిగి ఆవిరై సైలెన్సర్ నుంచి వెళ్ళిపోతుంది, బయట ఆనవాలు ఉండదు. ఇంజన్ హెడ్ విప్పే పని కాబట్టి ఖర్చూ ఎక్కువే. అందుకే ముందు దాని సంగతి తేల్చుకున్నాను. ఆయిల్ పోసే మూత తీస్తే లోపల, ఆయిల్‌లో కూలెంట్ కలిస్తే వచ్చే మీగడలాంటి తెల్లటి పూత లేదు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగా రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేశాను, ఆగకుండా బుడగలేమీ రాలేదు. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ లేదు. వీటితో గ్యాస్కెట్ నూటికి నూరుపాళ్ళు బాగుందని చెప్పలేం గానీ, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టింది. ముందు సీటు దగ్గర కార్పెట్ కూడా తడిమి చూశాను. హీటర్‌లోనూ కూలెంటే తిరుగుతుంది, అది లోపల కారితే అక్కడ తడి తెలుస్తుంది, అద్దానికి లోపలివైపు జిడ్డు పొర పడుతుంది. అదీ లేదు.

ఇక సలహాలు. ఒకాయన రేడియేటర్ మార్చేయమన్నాడు, కనీసం బానెట్ ఎత్తి చూడకుండానే. ఇంకొకాయన లీకు ఆపే పౌడర్ కలపమన్నాడు. మా పక్కింటి బాబాయి పూర్వం లారీ నడిపినవాడు, "చెంచాడు పసుపు వెయ్యరా, అదే సర్దుకుంటుంది" అన్నాడు. రోడ్డు మీద ఇరుక్కున్న లారీకి పసుపు వైద్యం పనికొచ్చేదేమో. కానీ చిల్లును పూడ్చేది ఏదైనా, రేడియేటర్‌లోని సన్నటి గొట్టాలను కూడా పూడ్చగలదు. నేను దాని జోలికి పోలేదు.

నాకు అర్థమైంది ఏంటంటే, చల్లారిన బండి కింద వెతికి లాభం లేదు. రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంటుంది, అది బార్లలో ప్రెషర్. ఆ ప్రెషర్ దగ్గర మామూలు నీళ్ళు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. బండి నడుస్తున్నప్పుడు లోపల ఆ ఒత్తిడి ఉంటుంది, సన్నటి సందు ఉన్నా కూలెంట్ బయటికి వస్తుంది. వచ్చింది వేడి ఇంజన్ మీదే ఆరిపోతుంది. బండి ఆపి చల్లారాక ఒత్తిడీ ఉండదు, కారడమూ ఉండదు. అంటే లీకు కంటికి కనపడాలంటే ఇంజన్ చల్లగా ఉండాలి, లోపల ప్రెషర్ మాత్రం ఉండాలి.

దానికి చేతి పంపుతో పనిచేసే టెస్టర్ ఒకటుంది. అది ఉన్న షెడ్డు కోసం విజయవాడ ఆటోనగర్‌లో తిరిగితే, పెద్ద వయసు మేస్త్రీ ఒకాయన దగ్గర దొరికింది. రేడియేటర్ మూత స్థానంలో దాన్ని బిగించి, ముల్లు 0.9 దాకా వచ్చేలా పంపు కొట్టి, "టీ తాగి రండి సార్" అన్నాడు. వచ్చేసరికి ముల్లు కొంచెం దిగింది. పైపుల క్లిప్పులు, రేడియేటర్ అంచులు అన్నీ పొడిగానే ఉన్నాయి. అప్పుడాయన కర్రకు అతికించిన చిన్న అద్దం తీసి, టార్చి వేసి, టైమింగ్ కవర్ (ఇంజన్ వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు మీది మూత) వెనక చూపించాడు. కూలెంట్‌ను ఇంజన్‌లో తిప్పే వాటర్ పంపు కిందివైపు ఉండే చిన్న రంధ్రం దగ్గర ఒక చుక్క నిలబడి ఉంది. చుట్టూ ఆకుపచ్చటి పొడి గట్టిపడి ఉంది, ఎన్నాళ్ళనుంచో కారి ఆరిన కూలెంట్ అది.

ఆ రంధ్రం పగులు కాదు, తయారీలోనే పెడతారు. లోపలి సీలు అరిగిపోతే కూలెంట్ బేరింగులోకి పోకుండా బయటికి దారి అన్నమాట. అక్కడ తడి కనపడిందంటే పంపు మార్చాల్సిందే.

మా ఇంజన్‌లో ఈ పంపును తిప్పేది టైమింగ్ బెల్టు. పంపు తీయాలంటే బెల్టు ఎలాగూ విప్పాలి, మజూరీ ఎలాగూ ఇవ్వాలి. అందుకే బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా కొత్తవి వేయించాను. కూలెంట్‌తో తడిసిన పాత బెల్టునే మళ్ళీ ఎక్కించడం నాకైతే పిసినారితనమే. పాత పంపు చేతిలోకి తీసుకుని కడ్డీని కదిపితే అటూ ఇటూ ఊగింది. లోపలి రెక్కలు తుప్పుపట్టి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో బోరు నీళ్ళు పోసిన ఫలితమని మేస్త్రీ అన్నాడు. కడిగినప్పుడు ఎర్రటి నీళ్ళు చాలాసేపు వచ్చాయి కాబట్టి నేనూ నమ్మాను. పాత కూలెంట్‌ను మాత్రం బకెట్‌లో పట్టి మూతపెట్టమన్నాను. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి.

కొత్త కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశాం. హీటర్ పూర్తిగా తిప్పి, మూత తీసి ఉంచి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజన్ నడిపాం. గాలంతా బుడబుడమని బయటికి పోయింది. రేడియేటర్ మూత కూడా మార్చాను, పాతదాని రబ్బరు గట్టిపడింది. అన్నీ కలిపి ఆరు వేల దాకా అయింది. మర్నాడు పొద్దున చూస్తే మట్టం వేలెడు దిగింది, గుండె ఝల్లుమంది. లోపల మిగిలిన గాలి బయటికి వచ్చాక ఇలా ఒకసారి దిగుతుందని మేస్త్రీ ఫోన్‌లో చెప్పాడు. కాస్త పోసి, హైదరాబాద్ వెళ్ళొచ్చి మళ్ళీ చూశాను. ఈసారి గీత దగ్గరే ఉంది.