ఆసు పోసినట్టు మనసును మళ్లించడం

మార్గశిర శుద్ధ ఏకాదశి, గీతా జయంతి. ఆ రోజు పారాయణలో ఆరో అధ్యాయం 34వ శ్లోకం దగ్గర కొంచెం నిలబడాలి. "చంచలం హి మనః కృష్ణ ప్రమాథి బలవద్దృఢమ్" అని అర్జునుడు మొర పెట్టుకుంటాడు. చంచలం అన్న మాటే మనకు గుర్తుంటది గానీ అసలు బాధంతా ప్రమాథిలో ఉంది. అంటే చిలికేది. ఒంటినీ ఇంద్రియాలనూ కలబెట్టేస్తుందని శంకరుల భాష్యం. కోపమొస్తే చేతులు వణకడం ఎరగనిదెవరు? గాలిని పట్టడమెంతో దీన్ని పట్టడమూ అంతే అంటాడు అర్జునుడు. కృష్ణుడు కాదనలేదు. "అసంశయం", నిజమే అన్నాడు.

అసలు మనసంటే ఏందన్న దాంట్లో పెద్దల లెక్కలు ఒక్కతీరుగా లేవు. కఠోపనిషత్తులో శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, బుద్ధి సారథి, మనసు పగ్గం. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో కూడా రథాన్నే చెప్పాడు, కానీ ఆయన చూపులో గుర్రాలు మన లోపలి భాగాలే: ఒకటి మాట వినేది, ఇంకోటి మొండిది. ఈ తేడా చిన్నది కాదు. మొండి గుర్రాన్ని లొంగదీయాలి. పగ్గమైతే పట్టు సరిచేసుకుంటే చాలు. తర్కాన్ని చెప్పే న్యాయదర్శనం ఇంకో దారి పట్టింది. ఒకే క్షణంలో రెండు జ్ఞానాలు కలగకపోవడమే మనసుకు గుర్తట, అందుకే అది అణువంత అన్నారు. జపంలో ఉండి ఫోన్ మోత విన్నవాడు ఆ క్షణాన మంత్రం విననట్టే.

మనసును పట్టే దారి అదే అధ్యాయం 26వ శ్లోకంలో ఉంది: "యతో యతో నిశ్చరతి... తతస్తతో నియమ్య". ఎటెటు పోతే అటటు నుంచి మళ్లించు. పోకూడదని ఎక్కడా అనలేదు. ఈ మళ్లించడమే అభ్యాసం. అభ్యాసమంటే ఒకే తలపు ఆవృత్తి, మళ్లీ మళ్లీ తిప్పడం అని శంకరులు. చెదిరిన దృష్టిని పదే పదే వెనక్కి తేగలగడమే వివేకానికీ నడవడికీ సంకల్పానికీ వేరు అని 1890లో అమెరికా మానసిక శాస్త్రవేత్త విలియం జేమ్స్ రాసిందీ ఇదే.

చీరలు నేసే పోచంపల్లి, పుట్టపాక దిక్కు వాళ్లకు దీన్ని విడమరచి చెప్పే పనిలేదు. ఆసు పోయడం తెలుసు కదా. నేతకు ముందు నూలును ఒక కొయ్య నుంచి ఎదురుగా వంపులో ఉన్న పుల్లలకు, అక్కడి నుంచి మళ్లీ ఇటు, ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి తిరగాలి. ఒక్క పుల్ల తప్పితే లెక్క పోయి, రంగులద్ది నేసేటప్పుడు పువ్వు కలవదు. చింతకింది మల్లేశం చేసిన లక్ష్మీ ఆసు యంత్రంతో ఆడోళ్ల భుజాలకు ఊరట దొరికింది. మనసుకు ఆ యంత్రం ఇంకా రాలేదు.

జపానికి కూర్చునేవాళ్లు 108 పూసల మాలను మధ్యవేలి మీద పెట్టి బొటనవేలితో లాగాలి, చూపుడువేలు తగలనీయొద్దు, మాల కొసన ఉండే మేరుపూస దాటొద్దు, అక్కడి నుంచి వెనక్కి తిప్పుకోవాలి. నలభయ్యో పూస దగ్గర మనసు పొలం గెట్టు తగాదాలోకి పోయిందనుకోండి. చాలామంది మాల మొదటికి తెస్తారు. అది తప్పని నా అభిప్రాయం. అట్ల చేస్తే రేపటికల్లా మాల అంటేనే భయం పుడుతుంది. తెలివి వచ్చిన పూస నుంచే అందుకోవాలి.

"లయే సంబోధయేచ్చిత్తం, విక్షిప్తం శమయేత్పునః" అని గౌడపాదులు మాండూక్య కారికలో రెండు రోగాలకు రెండు మందులు చెప్పారు. కునుకొస్తే లేపు, చెదిరితే నెమ్మదింపజేయి. కునుకు ఎక్కువగా కడుపు నిండా తిని, గోడకు ఆనుకుని కూర్చుంటే వస్తుంది. వెన్ను నిలిపి, కళ్లు తెరిచి దీపం చూస్తూ నాలుగు నామాలు పైకి అనాలి. చెదరడమైతే చాలాసార్లు వేగం వల్లనే. మూడు నిమిషాల్లో మాల ముగిస్తే నాలుక పరిగెడుతుంది, మనసు పక్కకు తప్పుకుంటుంది. ఊపిరికో నామం చొప్పున పోతే ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, అది సరైన నడక.

చాలా కాలం, తెగకుండా, ఆదరంతో చేస్తేనే అభ్యాసం గట్టిపడుతుందని పతంజలి. సోమవారం పదకొండు మాలలు తిప్పి మిగతా వారం ఊరుకోవడం కన్నా రోజుకొక్కటి మేలు. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు తిప్పి బాకీ తీర్చొద్దు, ఆనాటి ఒక్కటి చాలు.