మా వంటింట్లో అచ్చులూ హల్లులూ

మా వంటింట్లో పై వరుస కప్‌బోర్డులకు 14 తలుపులు, కింది వరుసకు 10. ఈ ఇంట్లో ఆరేళ్ళుగా ఉంటున్నా ఈ లెక్క నాకు తెలియదు. మే నెలాఖరున, మెమోరియల్ డే సెలవులకు ముందు శుక్రవారం రాత్రి, వాటికి రంగు వేద్దామని నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని స్టూలెక్కినప్పుడు మా అమ్మాయి లెక్కపెట్టి చెప్పింది. ఊడదీశాక తలుపులన్నీ ఒకేలా ఉంటాయి గానీ, ఒకదాని చోట ఇంకొకటి బిగిస్తే సరిగ్గా మూసుకోవు. ప్రతిదానికీ ఒక గుర్తు కావాలి. అంకెలేమో మా వాడు అప్పటికే సొరుగులకు వేసేశాడు.

"అయితే పైన అచ్చులు, కింద హల్లులు పెడదాం అమ్మా" అంది. అ నుంచి అం దాకా 14. క నుంచి ఞ దాకా 10. ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. ఆదివారం తెలుగు నేర్పే మనబడి క్లాసంటే ముఖం ముడుచుకునే పదకొండేళ్ళ పిల్ల ఆ మాట అనేసరికి నేను స్టూలు దిగడం మర్చిపోయాను.

తలుపు వెనక మడతబందు కూర్చునే గుండ్రటి గుంట ఉంటుంది కదా, అక్షరం అందులో రాసి పైన టేప్ అంటించాం. అక్కడ రంగు పడదు, బందు మళ్ళీ బిగిస్తే కనిపించదు. ప్రతి తలుపు బందులూ స్క్రూలూ ఒక చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, దాని మీదా అదే అక్షరం. ఏడేళ్ళ మా వాడు "అక్కా, ఙ సంచి ఏది?" అని గరాజ్ అంతా వినబడేలా అరుస్తుంటే, ఆ అక్షరాన్ని ఒక ఇంట్లో అంత గట్టిగా, అంత అవసరంగా ఎవరైనా ఎప్పుడైనా పలికారా అనిపించింది. మా చిన్నప్పుడు ఙ వచ్చిందంటే వరుసలో మొక్కుబడిగా అనేసి చ దగ్గరికి పరిగెత్తేవాళ్ళం.

మేముండేది అమెరికాలో, కొలంబస్ శివారులో. ఇల్లు 1993లో కట్టింది. ఆ రోజుల్లో ఇక్కడ చాలా ఇళ్ళలో పెట్టినట్టే, వంటింట్లో తేనెరంగు ఓక్ చెక్క. చెక్క దిట్టంగానే ఉంది, చూడ్డానికే చీకటిగా ఉంది. రంగు వేయించడానికి ఒకరిని అడిగితే నాలుగు వేల డాలర్లు దాటుతుందన్నారు. సామానంతా కొనుక్కుని మేమే వేసుకుంటే 350 డాలర్లలో అయిపోయింది. మొదలుపెట్టడానికి కారణం ఆ డబ్బే. అయినా ఇది రాస్తున్నది డబ్బు సంగతి చెప్పడానికి కాదు.

రంగు పనిలో రంగు వేయడం చివరి మాట. ముందు జిడ్డు వదలాలి. మన వంటిళ్ళలో ఇదే అసలు పని. స్టవ్ పక్కనుండే ఋ, ఎ తలుపుల మీద ఆరేళ్ళ పోపు పేరుకుని ఉంది. నూనె ఆవిరి, దాని మీద దుమ్ము, ఆ పైన పసుపు ఛాయ. వేలితో గీస్తే గీత పడుతోంది. వీడియో కాల్‌లో అమ్మకు చూపిస్తే "కుంకుడుకాయ రసంతో రుద్దు" అంది. మా అమ్మాయి నిజంగానే ఇండియన్ స్టోర్‌లో కొన్న కుంకుడుకాయ పొడి నానబెట్టి ఒక తలుపు రుద్దింది. నురగ బాగానే వచ్చింది, పై మురికి పోయింది. అడుగునున్న జిడ్డు మాత్రం కదల్లేదు. చివరికి చేతులకు గ్లౌజులు వేసుకుని జిడ్డు వదిలించే ట్రైసోడియం ఫాస్ఫేట్ పొడి కలిపిన నీళ్ళతో తుడిచి, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి ఆరబెట్టాం. జిడ్డు మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా పొరలుగా లేచిపోతుంది. ఇది తొందరపడే చోటు కాదు.

తర్వాత ఉప్పు కాగితం. షాపులో సాండ్ పేపర్ అనే అడిగాను, పక్కింటి పెద్దాయన అరువిచ్చిన సాండింగ్ మెషీన్‌కు తగిలించే దాన్నీ అలాగే అన్నాను. ఉప్పు కాగితం అన్న మాట అమ్మ నోటినుంచి వచ్చింది. మా వాడేమో "ఇందులో ఉప్పు ఉందా?" అని నాలుకతో చూడబోయాడు. ముందు 120 నంబరుతో రుద్దాలి, చివర 220తో. గరుకు, నునుపు. ఈ రెండు మాటలూ మా పిల్లలకు పుస్తకంలో తెలుసు. ఇప్పుడు కళ్ళు మూసుకుని తలుపు మీద చెయ్యి పెట్టి "ఇక్కడ ఇంకా గరుకు అమ్మా" అంటున్నారు. పాత స్క్రూ సందుల్లో పుట్టీ పెడుతుంటే దాన్ని లప్పం అంటారని చెప్పాను. ఆ రోజంతా వాడు ఏ పని చేసినా లప్పమే.

ఉప్పు కాగితం పట్టే ముందు ఒక జాగ్రత్త. అమెరికాలో ఇళ్ళకు సీసం కలిసిన పెయింట్ వాడకాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇల్లయితే పరీక్ష చేయించకుండా పాత రంగు గీకకూడదు, పిల్లలున్న ఇంట్లో అసలు కూడదు. ఇండియాలో ఇళ్ళ పెయింట్‌లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) మించకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంటే సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మమ్మగారింటి పాత కిటికీల రంగు పెచ్చులతో పిల్లలు ఆడుకోవడం కూడా మంచిది కాదు.

శనివారం రాత్రి మా వాడు తడి తలుపు మీద ఇనుప పీచు మర్చిపోయి పడుకున్నాడు. పొద్దున చూస్తే ఛ తలుపు మీద అరచేయంత నల్లమచ్చ. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. మచ్చ రుద్దినా పోలేదు. ఎలా వస్తుందో చూద్దామని మా అమ్మాయి, అసలు రంగుకు ముందు వేసే నీళ్ళ ప్రైమర్ ఒక పూత వేసి ఉంచిన ఇంకో తలుపు మీద టీ ఒలికినట్టు పసుపు మరకలు తేలాయి. రెండింటికీ కారణం ఒకటే. ఓక్ చెక్కలో టానిన్ ఉంటుంది, టీ ఆకులోని వగరూ అదే. తడి తగిలితే అది పైకి ఊరి మరకవుతుంది, ఇనుము తగిలితే నల్లబడుతుంది.

అప్పుడు నాకు మా సోఫా మీద పరిచిన పెడన కలంకారీ దుప్పటి గుర్తొచ్చింది. తెచ్చి ఇద్దరి ముందూ పరిచాను. ఈ బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెడతారు. కరక్కాయలో ఉన్నదీ టానినే. తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్ళు దాని మీద వేస్తే నల్ల గీత పడుతుంది, ఉతికినా పోదు. నువ్వు రాత్రి చెక్క మీద చేసింది వాళ్ళు బట్ట మీద కావాలని చేస్తారు నాన్నా అన్నాను. వాడు ఏడుపాపి దుప్పటి మీది నెమలి తోక గీతల్ని వేలితో తడుముతూ కూర్చున్నాడు. నేను పెడన ఉన్న కృష్ణా జిల్లా గురించి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పబోయి విఫలమయ్యాను. ఆ పూట వాళ్ళే ప్రశ్నలు అడిగారు.

టానిన్‌ను ఆపడానికి షెల్లాక్ ప్రైమర్ తెచ్చాం. షెల్లాక్ అంటే లక్క. చెట్టుకొమ్మల మీద చిన్న పురుగులు చేసే బంక. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే బొమ్మల మీద మెరుపు ఈ లక్కదే, మా అమ్మాయి చేతికున్న చార్మినార్ గాజులూ లక్కవే. మా వాడికి మాత్రం ఇంకొకటి తెలుసు. "పాండవుల ఇల్లు!" అన్నాడు. ఆ డబ్బా మీద మంట బొమ్మ వేసి హెచ్చరిక ఉంది. లక్కను స్పిరిట్‌లో కరిగిస్తారు కాబట్టి ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. గరాజ్‌లో ఉన్న గ్యాస్ వాటర్ హీటర్ ఆపేసి, గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి, పిల్లల్ని బయట గడ్డిలో కూర్చోబెట్టి, ఆ పూత మాత్రం నేనూ మా ఆయనే మాస్కులు పెట్టుకుని వేశాం. లక్క ఇల్లు అంత తొందరగా ఎలా కాలిందో బయటి నుంచి వాడు అక్కకు వివరిస్తూనే ఉన్నాడు.

సోమవారం మధ్యాహ్నం అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. గరాజ్ నిండా బోర్లించిన స్టీలు గిన్నెల మీద తలుపులు, నా జుట్టు నిండా తెల్లదుమ్ము. "మనుషులు దొరకలేదా తల్లీ? చదువుకుని అంత దూరం వెళ్ళి, ఇదేం ఖర్మ?" అంది. మా అమ్మాయి ఫోన్ అందుకుని "అమ్మమ్మా, మాకిష్టమై చేస్తున్నాం. మీ ఇంటికి ఎవరు రంగు వేస్తారు?" అని అడిగింది.

తెనాలిలో మా ఇంటికి ప్రతి సంక్రాంతికి ముందూ సున్నం వేసేవారు. ముందురోజు కుండలో సున్నపు రాళ్ళ మీద నీళ్ళు పోస్తే కుతకుతమని ఉడికేది, దగ్గరికి వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. నీలిమందు కలిపిన సున్నం గోడలకు, ఆకుపచ్చ పెయింట్ కిటికీలకు. ఇవన్నీ నేను ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాను. "ఎవరు వేసేవారు?" అని మళ్ళీ అడిగింది. సున్నాలాయన అన్నాను. "ఆయన పేరేంటి?"

నాకు తెలియదు. నేను పుట్టినప్పటి నుంచి ఇంటర్ దాకా ఏడాదికి నాలుగు రోజులు మా ఇంట్లో ఉన్న మనిషి. ఆయన మంచినీళ్ళు అడిగితే పెరటి గోడ మీద బోర్లించి ఉండే సత్తు గ్లాసులో నేనే ఎత్తిపోసిన రోజులున్నాయి. ఆ గ్లాసు లోపలికి వచ్చేది కాదు. ఆ మాట కూడా పిల్లకు చెప్పాను. ఎందుకని అడిగింది. కులం అని చెప్పాను. దాచి, తెలుగంటే పాటలూ పిండివంటలూ మాత్రమే అన్నట్టు పెంచడం నాకు ఇష్టం లేదు. పండుగల గురించి చెప్పే నోటితోనే ఇదీ చెప్పాలి. తను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అది తప్పు కదా అమ్మా" అంది. తప్పే, ఇంట్లో అందరం చేశాం, నేనూ చేశాను అన్నాను.

ఫోన్‌లో అమ్మ వింటూనే ఉంది. కాసేపాగి ఆయన పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా. మోకాళ్ళ నొప్పులతో చివరి రెండేళ్ళు నిచ్చెన ఎక్కలేకపోయేవాడని, కొడుకు కింద నిలబడి పట్టుకునేవాడని కూడా చెప్పింది. అమ్మకు అన్నీ గుర్తున్నాయి. ఆయన కుటుంబాన్ని అడక్కుండా ఆ పేరు ఇక్కడ రాయను.

ఆ తర్వాత రంగు పని నెమ్మదైంది. తలుపు వెనకవైపు ముందు వేసి, ఆరాక తిప్పాలి. మధ్య పలక చుట్టూ ఉన్న గాడిలోకి ముందు కుంచెతో, తర్వాత చదునుగా ఉన్నచోట నాలుగంగుళాల ఫోమ్ రోలర్‌తో. మందంగా వేస్తే కారుతుంది. పలచగా రెండు పూతలు, మధ్యలో 220 కాగితంతో తేలిగ్గా ఒక రుద్దు. మా అమ్మాయి ఒక్కో తలుపు దగ్గర కూర్చుని మూలల్లో చేరిన రంగును కుంచె కొసతో తీస్తుంటే, నిచ్చెన మీద రోజంతా మెడ ఎత్తి పైకప్పుకు సున్నం కొట్టిన చేతుల గురించి నేను మొదటిసారి ఆలోచించాను. మూడు రోజులకే నా భుజాలు పట్టేశాయి.

బిగించడం ఇంకో వారాంతం పట్టింది. అక్షరాల వల్ల ఒక్క తలుపూ తారుమారు కాలేదు. ముట్టుకుంటే అంటకపోవడం వేరు, రంగు గట్టిపడడం వేరు. దానికి దాదాపు 30 రోజులు పడుతుంది. అది తెలిసీ నేను సింక్ కింది ఙ తలుపుకు తడి తువ్వాలు వేలాడదీశాను, అంచు దగ్గర కాస్త ఊడింది. ఉప్పు కాగితం పట్టి మళ్ళీ వేస్తానని మా వాడు తీసుకున్నాడు. ఆ పని ఇంకా వాడి లిస్టులో ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో ఏ డబ్బా కావాలన్నా అక్షరమే చెప్పుకుంటున్నాం. నిన్న రాత్రి చారు మరుగుతోంది, నా చేతులు తడిగా ఉన్నాయి. ఇంగువ ఎక్కడుందని అడిగితే పైనుంచి హోంవర్క్ చేసుకుంటూనే మా అమ్మాయి కేకేసింది, "ఋ లో, కింది అర!"